ఉషుయాయా అడవిలో ఒక బుల్లిపిట్ట నా వెంటపడి మరీ తిట్టింది. తోక చీలికలైపోయి ఉంది. ఏం పిట్ట ఇది?

నడకపిచ్చి

పోయిన డిసెంబర్‌లో అంటార్కిటికా ఓడ ఎక్కడానికి ఉషుయాయా వెళ్ళాను. అర్జెంటీనా పటంలో అట్టడుగున, టియెర్రా దెల్ ఫుయెగో దీవిలో ఉంటుందే, ఆ ఊరు. గాలి ఎక్కువగా ఉంది, ఓడ రేపే కదులుతుంది అన్నారు. రూమ్‌లో కూర్చుని చేసేదేముంది అని అక్కడి నేషనల్ పార్క్‌కి పోయి సముద్రం ఒడ్డు వెంబడి సాగే కాలిబాట పట్టాను, మొత్తం 8 కిలోమీటర్లు. పిట్టల గురించి నాకు పెద్దగా తెలియదు, పిచ్చుకకీ పావురానికీ తేడా చెప్పగలను, అంతవరకే.

సగం దారిలో ఒక ముసలి చెట్టు మొదట్లో కూలబడి బిస్కెట్ ప్యాకెట్ విప్పాను. ఆ అడవి ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే ప్యాకెట్ చప్పుడుకి నాకే సిగ్గేసింది. ఉన్నట్టుండి నెత్తి మీద టిర్ర్ర్ర్ అని ఒక గరుకు చప్పుడు, దువ్వెన పళ్ళ మీద గోరుతో గీస్తే వస్తుంది చూడండి, అలాంటిది. తలెత్తితే బొటనవేలంత పిట్ట. తల నల్లగా, కంటి పైనుంచి వెనక్కి పసుపు గోధుమ రంగులో మందపాటి గీత, రెక్కల మీద కూడా అదే రంగు పట్టీలు, గొంతు తెల్లగా. ఒక కొమ్మ దిగింది, ఇంకో కొమ్మ దిగింది, చివరికి నా మొహానికి మీటరు దూరంలో తలకిందులుగా వేలాడుతూ తిట్టడం మొదలుపెట్టింది. కాసేపటికి రెండోది కూడా వచ్చి కలిసింది. నేను లేచి కాస్త పక్కకి జరిగితే వెంట వచ్చాయి. ఇరవై నిమిషాలు ఇదే తంతు.

నా డౌట్లు ఏమిటంటే, అసలు ఇదేం పిట్ట? రెండోది, తోక చివర ఈకలన్నీ చిరిగి ముళ్ళలా పొడుచుకొచ్చి ఉన్నాయి, రెండింటికీ అలాగే ఉంది, ఏదైనా జబ్బా లేక పిల్లో ఏదో పట్టుకుని పీకిందా? మూడోది, టూరిస్టులు తిండి పెట్టి పెట్టి అలవాటు చేసేసి ఉంటారా, అందుకే అంత దగ్గరకి వచ్చిందా? ఫోటోలు నాలుగైదు ఉన్నాయి కానీ అన్నీ కదిలిపోయాయి, కొంచెం తెరిపిగా ఉన్నది ఒకటి పెడుతున్నాను.


పాతబైనాక్యులర్

టెన్షన్ పడకండి, దానికి జబ్బూ లేదు గిబ్బూ లేదు. ఆ తోక అంతే. మీరు చూసింది రయాదీతో. స్పానిష్‌లో ఆ మాటకి అర్థం చారల బుజ్జిది అని. శాస్త్రీయ నామం అఫ్రాస్త్యూరా స్పినికాడా, అందులో స్పినికాడా అంటేనే ముళ్ళతోక. పేరు పెట్టినవాళ్ళ కళ్ళకి కూడా ముందు తోకే పడింది.

ఈకకి మధ్యలో ఈనె ఉంటుంది కదా, దానికి రెండు వైపులా మెత్తటి భాగం ఉంటుంది. ఈ పిట్ట తోక ఈకల్లో చివరికి వచ్చేసరికి ఆ మెత్తటి భాగం ఆగిపోతుంది, ఈనె ఒక్కటే బోడిగా బయటికి పొడుచుకొస్తుంది. అందుకే చిరిగినట్టు కనిపిస్తుంది. వడ్రంగిపిట్టలు గట్టి తోకని చెట్టుకి ఆనించి నిలబడతాయి, ఇదీ అందుకేనేమో అనుకుంటాం కానీ దీన్ని గమనిస్తే మాను మీద నిటారుగా ఎక్కే పని కన్నా సన్నటి రెమ్మల చివర్లలో వేలాడటమే ఎక్కువ. తోకని వాడదని కాదు, కానీ దాని మీదే ఆధారపడే రకం కాదు.

సైజు మీరు బొటనవేలంత అన్నారు, అది భయంలో తగ్గించి చూశారు. తోకతో కలిపి 14 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. బరువు మాత్రం 10 నుంచి 13 గ్రాములు, అంటే రెండు ప్రింటర్ కాగితాలు చేతిలో పట్టుకుంటే ఎంతో అంత. ఆ బరువుతోనే ఆ చలికాలం అంతా అక్కడే గడుపుతుంది, ఉత్తరానికి వలస పోదు. ఆకుల కింద, బెరడు సందుల్లో, చెట్లకి వేలాడే నాచులో పురుగుల్ని ఏరుకుని తింటుంది, అప్పుడప్పుడూ గింజలూ పళ్ళూ కూడా.

తిండి అలవాటు చేశారా అని అడిగారు. లేదు. మనుషుల్ని ఇలా వెంబడించడం దీనికి పాత అలవాటే, దానికి సాక్షి ఎవరో తెలుసా, డార్విన్. 1830లలో బీగిల్ ఓడ మీద టియెర్రా దెల్ ఫుయెగో వెళ్ళినప్పుడు అక్కడ అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే పిట్ట ఇదేనని రాశాడు, అప్పట్లో దీనికి వేరే పేరు ఉండేది. చీకటిగా, తడిగా, మనిషి దూరలేని లోయల్లో కూడా ఉంటుందని, ఎవరైనా అడవిలోకి వస్తే కుతూహలంతో వెంటపడుతూ, గరుకుగా కూస్తూ, మొహానికి కొద్ది అడుగుల దూరంలో చెట్టు నుంచి చెట్టుకి ఎగురుతుందని రాశాడు. మీ పోస్టు చదివితే నాకు అదే గుర్తొచ్చింది, బిస్కెట్లు తప్ప అంతా అదే సీను. కొసమెరుపు ఏంటంటే, ఇలా వెంటపడే గుణం వల్లే ఇది నిజంగా ఉన్నదానికన్నా ఎక్కువ ఉన్నట్టు కనిపిస్తుందని కూడా అన్నాడు. అదే అసలు పరిశీలన అని నా అభిప్రాయం. పిట్టల్ని లెక్కపెట్టేవాళ్ళు ఈరోజుకీ తల పట్టుకునే సమస్య ఇది. మనం పిట్టల్ని లెక్కపెడుతుంటే పిట్టలే మనల్ని చూడటానికి వస్తుంటే లెక్క ఎలా తేలుతుంది?


మబ్బుచాటు

హహ, నాకూ ఇదే జరిగింది, కాకపోతే చిలీ వైపు. ఫోన్‌లో ఏదో గుడ్లగూబ కూత వినిపించాడు మా గైడ్, రెండు నిమిషాల్లో చుట్టూ ఇవే ఎనిమిదో తొమ్మిదో. ఒకటి అయితే గైడ్ టోపీ మీద వాలుతుందేమో అనిపించింది.


పాతబైనాక్యులర్

మబ్బుచాటు గారూ, అది చుంచో కూత అయి ఉంటుంది. చుంచో అంటే అక్కడి చిన్న గుడ్లగూబ, పగలు కూడా వేటాడుతుంది, చిన్న పిట్టలకి అదంటే హడల్. హడల్ ఉన్నవాళ్ళు పారిపోవాలి కదా, రయాదీతోలు అలా కాదు, కూత వినపడగానే ఎక్కడెక్కడివి వచ్చి చుట్టూ చేరి అరిచి గోల చేస్తాయి. నిన్ను చూసేశాం, ఇక ఇక్కడ నీకేం దొరకదు, పో అని. దొంగతనంగా మీద పడి పట్టుకునే జంతువుకి ఊరంతా చూసేసిందంటే ఇక పని జరగదు. అరుపు విని వేరే జాతుల పిట్టలు కూడా వచ్చి చేరతాయి.

గూళ్ళు పెట్టే కాలం అయిపోయాక ఇవి గుంపులు కడతాయి, ఆ గుంపుల్లో వేరే జాతులవీ ఉంటాయి, ముఖ్యంగా మాను మీద పాకే తెల్లగొంతు పిట్ట ఒకటి. ఆ గుంపుకి నడుం రయాదీతోనే. నోరు ఎక్కువ, కళ్ళు ఎక్కువ, అందుకని మిగతావి దీన్ని అంటిపెట్టుకుని తిరుగుతాయి. ఒక చిన్న మనవి, ఫోన్‌లో కూతలు వినిపించడం ఒకసారి సరదాగానే ఉంటుంది, కానీ గూళ్ళ కాలంలో చేయకండి, పిల్లలకి మేత పెట్టాల్సిన టైమంతా లేని గుడ్లగూబ మీద అరవడానికే పోతుంది.


గొంతుసవరించి

అందరూ కూత, కూత అంటున్నారు కాబట్టి నా పేరుకి తగ్గట్టు ఒకసారి గొంతు సవరించుకుంటాను. రయాదీతో కచ్చితంగా చెప్పాలంటే పాటపిట్టల కోవలోకి రాదు.

కొమ్మని పట్టుకుని కూర్చునే కాళ్ళున్న చిన్న పిట్టలన్నీ ఒక పెద్ద వర్గం, అందులో రెండు ప్రధాన శాఖలు. ఒక శాఖలో పాటని పెద్దవాటి దగ్గర విని నేర్చుకుంటాయి, నేర్పేవాళ్ళు లేకపోతే పాట సరిగ్గా రాదు, అసలైన పాటపిట్టలు అంటే అవి. రెండో శాఖలో పాట పుట్టుకతో వస్తుంది, గొంతులోని కండరాల ఏర్పాటు కూడా సాదాగా ఉంటుంది. ఈ రెండో శాఖ దాదాపు మొత్తం మధ్య, దక్షిణ అమెరికాల్లోనే ఉంది, వెయ్యికి పైగా జాతులు. రయాదీతో ఈ రెండో శాఖది. మినహాయింపులు ఉన్నాయి, గంటపిట్టలని అడవుల్లో గంట కొట్టినట్టు కూసేవి ఉంటాయి, అవి ఈ శాఖలోవే అయినా నేర్చుకుంటాయి. రయాదీతోకి మాత్రం నడకపిచ్చి గారు చెప్పిన దువ్వెన చప్పుడు, ఇంకో రెండు మూడు రకాల అరుపులు, అదే దాని కచేరీ. తియ్యగా లేదని నేను అననండీ, కానీ ఎవరూ రికార్డు చేసుకుని నిద్రపోయేముందు వినరు.

దీని కుటుంబంలో దాదాపు 300 జాతులున్నాయి. అందులో అందరికీ తెలిసినది ఓర్నెరో. మట్టితో బట్టీ ఆకారంలో గూడు కడుతుంది, 1928 నుంచి అర్జెంటీనా జాతీయ పక్షి. కుటుంబం పేరే బట్టీ అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. అయితే రయాదీతోకి మట్టి పని రాదు, బంధువుల ఇల్లు చూసి నేర్చుకోలేదు పాపం.


నడకపిచ్చి

వామ్మో, ఇంత ఉందా దీని వెనక! థాంక్సండీ అందరికీ. తోక సంగతి తేలింది, మనశ్శాంతి. అసలు నేను దీన్ని యూరప్‌లో కనిపించే టిట్ పిట్ట అనుకున్నాను, ఒకప్పుడు ఆఫీస్ పని మీద వెళ్ళినప్పుడు కిటికీ దగ్గర చూసేవాణ్ణి, అచ్చం ఇలాగే తలకిందులుగా వేలాడేది.

ఇంకొకటి. ఆ దారిలో, ఆ పార్క్‌లో ఇంకోచోట కూడా, నీళ్ళు నిలిచి చెట్లన్నీ బూడిదరంగులో ఎండి నిలబడి ఉన్నాయి. చెట్లు కొరికి పడేసే బీవర్లనే జంతువులు కట్టిన ఆనకట్టల వల్ల అని బోర్డు పెట్టారు. అడవి ఇలా పోతుంటే ఈ పిట్ట ఏమవుతుంది?


తొర్రలోచూడు

ఇన్నాళ్ళూ చదివి పోవడమే కానీ రాయలేదు, కానీ ఇది నాకు ఇష్టమైన పిట్ట కాబట్టి ఆగలేకపోతున్నాను. బీగిల్ జలసంధికి అవతల చిలీ వైపు నవారినో దీవి ఉంది, అక్కడ ఒక సీజన్ గూటిపెట్టెలు చూసే పనిలో వాలంటీర్‌గా ఉన్నాను. చెక్కపెట్టెకి చిన్న గుండ్రటి కన్నం, చెట్టుకి కడతారు, వారానికి ఇన్నిసార్లని మూత తీసి చూసి రాసుకోవడం. చేతులు గడ్డకట్టి పెన్సిల్ జారిపోయేది, అది వేరే కథ.

టిట్ పిట్ట అనుకోవడంలో మీ తప్పేం లేదు. దక్షిణ అమెరికాలో టిట్ కుటుంబం అసలు లేదు, ఒక్క జాతి కూడా. ఆ పని, అంటే రెమ్మల చివర్లలో వేలాడి పురుగులు ఏరడం, తొర్రలో గూడు పెట్టడం, చలికాలంలో గుంపుకి పెద్దరికం చేయడం, ఈ కొసన రయాదీతో చేస్తోంది. వేరే వంశం, అదే ఉద్యోగం. కానీ సంసారం చేసే తీరు వేరు. యూరప్ నీలి టిట్ రోజుకొకటి చొప్పున ఎనిమిది, పది, పన్నెండు గుడ్లు కూడా పెడుతుంది. రయాదీతో రోజు విడిచి రోజు పెడుతుంది, మూడు నుంచి ఆరు, మామూలుగా నాలుగు, తెల్లటివి. పొదగడానికి రెండు వారాలు అటూ ఇటూ, తర్వాత పిల్లలు మూడు వారాలు గూట్లోనే. ఆడా మగా ఒకేలా ఉంటాయి, చూసి చెప్పలేం. పొదగడం, మేత తేవడం రెండూ ఇద్దరూ చేస్తారు. మీకు రెండు కనిపించాయి అన్నారు కదా, జంటే అయి ఉంటుంది.

ఇక బీవర్ల విషయం. 1946లో బొచ్చు వ్యాపారం కోసం ఉత్తర అమెరికా నుంచి తెచ్చి టియెర్రా దెల్ ఫుయెగోలో వదిలారు. అక్కడి చెట్లు, లెంగా, న్యిరే లాంటి దక్షిణ బీచ్ జాతులు (బీచ్ అంటే ఇక్కడ చెట్టు పేరు), ఉత్తర అమెరికా చెట్లలా బీవర్‌తో కలిసి పెరిగినవి కావు, నీళ్ళు నిలిస్తే చచ్చిపోతాయి, నరికితే తేలిగ్గా తిరిగి చిగుర్చవు. ఎండిన చెట్లు ఉంటే తొర్రలు ఉంటాయి కదా, పిట్టకి మంచిదేగా అని నేనూ ఒకప్పుడు అనుకున్నాను. కానీ ఆకు లేని చెట్టులో పురుగు ఉండదు, నీడా ఉండదు, నాలుగు గాలులకి అదీ పడిపోతుంది. దీనికి కావాల్సింది బతికి ఉన్న ముసలి చెట్టు. ఒక కొమ్మ ఎప్పుడో విరిగి, ఆ గాయంలోంచి లోపల పుచ్చిపోయి, బయట పచ్చగా నిలబడి ఉన్న చెట్టు. రయాదీతోకి తొర్ర తవ్వే ముక్కు లేదు. వడ్రంగిపిట్ట తవ్వి వదిలేసినవి కొన్ని వాడుకుంటుంది, కానీ ఎక్కువగా పుచ్చి ఏర్పడిన తొర్రలు, లేచిపోయిన బెరడు వెనక సందులు. లోపల గడ్డి, వేరుపోగులు, ఆపైన ఈకలు, వెంట్రుకలు. కన్నం ఎంత ఇరుగ్గా ఉంటే అంత ఇష్టం, దొంగ దూరలేడు. ఒక చెట్టుకి అలాంటి తొర్ర రావడానికి కొన్ని తరాలు పడుతుంది. మధ్య చిలీలో వేసిన పైన్ తోటల్లో చెట్లు దట్టంగానే ఉంటాయి, కానీ తొర్ర పడే వయసు వచ్చేలోపే కోసేస్తారు. అక్కడ అడవి ఉంది, ఇల్లు లేదు.


మబ్బుచాటు

అంటే ముసలి అడవి పోతే రయాదీతో పోతుంది, ఇంతే కదా. ఫ్రాయ్ హోర్హే చూసినప్పుడు నాకు అదే అనిపించింది. చిలీ ఉత్తరాన, దాదాపు ఎడారి లాంటి ప్రాంతం, ముళ్ళపొదలు, కాక్టస్. సముద్రం పక్క కొండ నెత్తిన మాత్రం అడవి ముక్కలు ముక్కలుగా, వాన వల్ల కాదు, రోజూ సముద్రం మీంచి వచ్చే పొగమంచు ఆకులకి తగిలి చుక్కలుగా కారి, ఆ తడితో బతుకుతున్న అడవి. అలాంటి అడవి మళ్ళీ బాగా కనిపించాలంటే దక్షిణానికి వెయ్యి కిలోమీటర్ల దాకా పోవాలి. ఆ ముక్కల్లో రయాదీతో ఉంది, పది అడుగులు బయటికొస్తే కాక్టస్, అక్కడ లేదు. చెట్టుకీ దీనికీ ఉన్న లంకె చూడాలంటే అంతకన్నా ఏం కావాలి?


ఉప్పుగాలి

ఒప్పుకోను మబ్బుచాటు. అంతకన్నా కావాల్సింది ఉంది, అటు ఉత్తరం కొసకి కాదు, ఇటు దక్షిణం కొసకి రండి.

కేప్ హార్న్ తెలుసు కదా, భూమి అయిపోయింది అనుకునే చోటు. అక్కడి నుంచి ఇంకో 100 కిలోమీటర్లు నైరుతిగా సముద్రంలోకి పోతే దియేగో రమీరెస్ అని రాతి దీవులు. చిలీ నౌకాదళం వాళ్ళ చిన్న శిబిరం ఒకటి, మిగతాదంతా ఆల్బట్రాస్‌లు, పెంగ్విన్లు, మనిషి నడుం దాకా పెరిగే గడ్డి దుబ్బులు. చెట్టు లేదు. పొద లేదు. ఆ గాలికి ఉండే ప్రసక్తే లేదు. అలాంటి చోట రయాదీతో ఉంది! ఒకటీ అరా గాలికి కొట్టుకొచ్చినవి కావు, అక్కడే పుట్టి, అక్కడే గూళ్ళు పెట్టి, గడ్డి దుబ్బుల మధ్య నేలకి ఆనుకుని తిరిగే పిట్టలు. గూడు నేలలోని కన్నాల్లో. అడవి పిట్ట అని మనం అనుకునేది చెట్టన్న మాట ఎరగకుండా బతికేస్తోంది.

చిలీ శాస్త్రవేత్త రికార్దో రోస్సీ, ఆయన బృందం వీటిని పట్టి కొలిచి, జన్యువులు కూడా పోల్చి, ఇవి వేరే జాతి అని 2022లో ప్రకటించారు, అఫ్రాస్త్యూరా సబ్‌అంటార్కటికా అని పేరు. ప్రధాన భూభాగం వాటికన్నా బరువు ఎక్కువ, 16 గ్రాముల దాకా, ముక్కు పెద్దది, కాళ్ళు పొడుగు, తోక మాత్రం పొట్టి. నా ఊహ చెప్తాను, రెమ్మల్లో వేలాడేవాడికి పొడుగు తోక బరువు సర్దుకోవడానికి పనికొస్తుంది, రోజంతా ఈదురుగాలిలో గడ్డిలో నడిచేవాడికి అది గాలిపటం తోకలాంటిది, తగ్గించుకోవడమే మేలు. ఊహే, ఎవరూ పరీక్ష పెట్టి తేల్చారని అనట్లేదు.

కాబట్టి చెట్టుకీ దీనికీ ఉన్న లంకె చెట్టు కోసం కాదు. అది తొర్ర పిట్ట. చెట్లున్న చోట తొర్ర చెట్టులో ఉంటుంది, అంతే.


తొర్రలోచూడు

ఉప్పుగాలి చెప్పింది సగం నిజం, నాకు మిగతా సగం మీద పేచీ. నేలలో కన్నం సరిపోతుందంటే నవారినోలోనో టియెర్రా దెల్ ఫుయెగోలోనో నేల నిండా కన్నాలే, మరి అక్కడ ఇవి చెట్టు తొర్రని వెతుక్కుంటూ ఎందుకు తిరుగుతాయి? దియేగో రమీరెస్‌లో నేల మీద తిరుగుతూ వేటాడే జంతువు ఒక్కటీ లేదు. నక్క లేదు, ఎలుక లేదు, పిల్లి లేదు. కన్నంలోకి ముక్కు పెట్టేవాళ్ళు లేనప్పుడు నేల కూడా చెట్టంత ఎత్తే. అందుకే నా లెక్కలో ఇది తొర్ర పిట్ట కూడా కాదు, చేయి దూరని చోటు వెతుక్కునే పిట్ట. ఆ చోటు ఎక్కడ దొరుకుతుందో అది ఆ దీవి మీద ఎవరున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది.

అందుకే నాకు బీవర్ కన్నా మింక్ అంటే భయం, ముంగిసలా ఉండే వేట జంతువు అది. అదీ బొచ్చు కోసం తెచ్చిందే, ఫారాల్లోంచి బయటపడి టియెర్రా దెల్ ఫుయెగోలో పాకింది, 2001లో నవారినోలో మొదటిసారి కనిపించింది. ఈదుతుంది, ఎక్కుతుంది, సన్నగా పాములా దూరుతుంది. ఇలాంటి జంతువు ఎన్నడూ ఎరగని పిట్టలు ఆ దీవిలో చాలా ఉన్నాయి, నేల మీద గూడు పెట్టేవైతే మరీ. దియేగో రమీరెస్‌కి ఒక పడవలో నాలుగు ఎలుకలు చేరితే చాలు, 2022లో పేరు పెట్టుకున్న జాతికి అక్కడే చీటీ చిరుగుతుంది.


ఉప్పుగాలి

ఈ మాటకి నేను ఎదురు చెప్పలేను. అది జరిగితే ఎలా ఉంటుందో చూడటానికి మూడో రయాదీతో ఉంది కూడా, రయాదీతో జాతులు మొత్తం మూడే. మాసాఫుయేరా రయాదీతో. పసిఫిక్‌లో హువాన్ ఫెర్నాండెస్ దీవుల్లో అన్నిటికన్నా దూరంగా ఉన్న దీవి, సుమారు 50 చదరపు కిలోమీటర్లు, ప్రపంచంలో అది ఆ ఒక్క దీవి మీదే ఉంది. ఇప్పుడు ఆ దీవి పేరు అలెహాంద్రో సెల్కిర్క్, 1966లో మార్చారు. తమాషా ఏంటంటే సెల్కిర్క్ అనే ఆ ఒంటరి నావికుడు నాలుగేళ్ళకి పైగా గడిపింది పక్క దీవిలో, దీని మీద కాదు.

అక్కడ మేకలు వదిలారు, అవి అడవిని నేలమట్టం చేశాయి, ఓడలతో ఎలుకలు వచ్చాయి, వెనకే పిల్లులు. ఆ పిట్ట ఇప్పుడు కొండల పైభాగంలో, తడి లోయల్లో చెట్టంత ఫెర్న్ మొక్కలుండే చోట్లకి సర్దుకుంది. మొత్తం కొన్ని వందలకి మించవు, అంతరించే ప్రమాదం అత్యంత ఎక్కువ ఉన్న జాబితాలో ఉంది. మన చారల బుజ్జిది ఎంత ధైర్యంగా మొహం మీదికి వస్తుందో దాని అన్నగారు అంత కంటికి కనపడదు. ఉన్నవే తక్కువ కదా.


గొంతుసవరించి

దీవుల గొడవలో చిలోయేని మర్చిపోకండి, అక్కడి రయాదీతోకి పొట్ట తెల్లగా ఉండదు, తేనె పూసినట్టు ఉంటుంది. వేరే జాతి కాదు, ఉపజాతి అంటారు. మోచా దీవిలో ఇంకొకటి. నీళ్ళు అడ్డం వస్తే చాలు, దీనికి ఏదో ఒక మార్పు వచ్చేస్తోంది. ఎగరడం చేతకాక కాదు, నీళ్ళ మీదుగా పోవడం ఇష్టం లేక.


పాతబైనాక్యులర్

నడకపిచ్చి గారూ, ఇందాకటి నుంచి నన్ను ఒకటి తొలుస్తోంది. నేను కుతూహలం అని తేల్చేశాను, డార్విన్‌ని కూడా లాక్కొచ్చాను. కానీ మీరు చెప్పినదాంట్లో ఇరవై నిమిషాలు అని ఉంది. కుతూహలంతో వచ్చేవి ఒకటి రెండు నిమిషాలు చూసి, మనలో ఏమీ లేదని తేల్చుకుని పోతాయి, మనం పెద్ద ఆసక్తికరమైన జంతువులం కాదు. ఇరవై నిమిషాలు, అదీ జంటగా, అదీ డిసెంబర్‌లో, అదీ ముసలి చెట్టు మొదట్లో. మిగతా ఫోటోలు కదిలిపోయినా పర్లేదు, ఒకసారి పెద్దగా చేసి ముక్కు దగ్గర చూస్తారా? ఆ చెట్టు మాను మీద ఏదైనా నల్లటి చీలికలాంటిది ఉందేమో కూడా.


తొర్రలోచూడు

నేనూ అదే అడుగుదామనుకున్నాను. ఆ టైమ్‌లో అక్కడ 17 గంటలకి పైగా వెలుతురు ఉంటుంది, పిల్లలుంటే ఆ 17 గంటలూ ఇద్దరికీ మేత తేవడమే పని. కానీ గూడు దగ్గర ఎవరైనా నిలబడితే లోపలికి వెళ్ళవు, గూడు ఎక్కడుందో చూపించినట్టు అవుతుందని. పెట్టెలు చూడటానికి వెళ్ళినప్పుడు మాకు ఇదే వరస, మూత వేసి మేం దూరం పోయేదాకా ముక్కులో పురుగుతో పక్క కొమ్మ మీద అరుస్తూ ఉండేవి. నోట్లో పురుగు పెట్టుకుని ఎలా అరుస్తాయో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.


నడకపిచ్చి

ఇప్పుడే చూశాను. ల్యాప్‌టాప్‌లో వేసి పెద్దగా చేశాను.

మూడో ఫోటోలో రెండో పిట్ట ముక్కులో ఆకుపచ్చగా ఏదో వేలాడుతోంది. నేను అప్పుడు ఆకు ముక్క అనుకున్నాను. గొంగళిపురుగు. నాలుగో ఫోటోలో కూడా అదే పురుగు, అలాగే ఉంది, టైమ్ చూస్తే రెండు ఫోటోలకి మధ్య 11 నిమిషాలు.

చెట్టు ఫోటో విడిగా తీయలేదు కానీ బిస్కెట్ ప్యాకెట్‌తో సెల్ఫీ ఒకటి ఉంది. నా భుజం వెనక, తలకి జానెడు పైన, బెరడు లేచి వేలెడంత సందు ఉంది. దాని అంచు మీద చిన్న ఈక ఒకటి అంటుకుని ఉంది.

వాళ్ళ గుమ్మానికి వీపు ఆనించి కూర్చుని ప్యాకెట్ మొత్తం ఖాళీ చేశానండీ నేను.


మబ్బుచాటు

హహహ. మరి తిట్టదా!